మణిపూర్ రహదారి ఎవరికి తెరుచుకుంది?

2023 మే నెలలో ఇంఫాల్ నుంచి వచ్చిన ప్రత్యేక విమానాలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. మణిపూర్‌లోని ఎన్‌ఐటీలో, కేంద్రీయ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులను రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ విమానాల్లో వెనక్కు రప్పించాయి. తల్లిదండ్రులు విమానాశ్రయాల్లో పిల్లలను కౌగిలించుకున్న ఫొటోలు పత్రికల మొదటి పేజీల్లో వచ్చాయి. పిల్లలు క్షేమంగా ఇల్లు చేరారు. మణిపూర్ కథ మనకు అక్కడితో ముగిసిపోయింది. ఆ పిల్లల పక్క బల్లల మీద కూర్చుని చదువుకున్న స్థానిక విద్యార్థులు ఏ దారిన ఇళ్లకు వెళ్లారో మనం అడగలేదు.

నేను కూడా అడగలేదు. ఆ తరువాతి విద్యాసంవత్సరంలో ఇద్దరు మణిపూర్ పరిశోధక విద్యార్థులు నా తరగతికి వచ్చేదాకా ఆ ప్రశ్న నాకూ తట్టలేదు. అమ్మాయిది చురాచాంద్‌పూర్, కుకీ-జో తెగ. అబ్బాయి మెయితీ. వాళ్ల ఊరు ఇంఫాల్‌కు ఉత్తరాన సెక్మాయి దగ్గర ఉంటుంది. చురాచాంద్‌పూర్ ఇంఫాల్‌కు సుమారు 60 కిలోమీటర్ల దూరం. మామూలు రోజుల్లో అయితే ఇద్దరూ హైదరాబాదు నుంచి ఒకే విమానంలో ఇంఫాల్‌లో దిగి, ఒకరు దక్షిణానికి, మరొకరు ఉత్తరానికి బస్సు ఎక్కాలి. సెలవులకు అబ్బాయి అలాగే వెళ్లాడు. అమ్మాయి మాత్రం మిజోరం రాజధాని ఐజాల్‌లో దిగి, అక్కడి నుంచి కొండదారిలో ఒక పగలూ మరికొంత రాత్రీ ప్రయాణం చేసి ఇల్లు చేరింది. తన సొంత రాష్ట్ర రాజధానిలో కాలు పెట్టే ధైర్యం ఆమెకు లేదు. సెక్మాయి అబ్బాయికి ఇల్లు చేరడం సులువే. అయితే ముప్పై కిలోమీటర్లలోపే ఉన్న కాంగ్‌పోక్పికి వెళ్లే ధైర్యం అతనికీ లేదు.

2025 సెప్టెంబరు 4న కేంద్ర హోంశాఖ ఒక ప్రకటన చేసింది. రెండో నంబరు జాతీయ రహదారిని ప్రయాణికుల కోసం, నిత్యావసర సరుకుల కోసం తెరవడానికి కుకీ-జో మండలి నిర్ణయించిందన్నది దాని సారాంశం. అదే రోజున కుకీ సాయుధ సంస్థల కూటములైన కేఎన్‌ఓ, యూపీఎఫ్‌లతో కాల్పుల విరమణ ఒప్పందం కొత్త షరతులతో మళ్లీ కుదిరింది. మరునాడు నేను నా విద్యార్థులిద్దరినీ వేర్వేరుగా ఒకే ప్రశ్న అడిగాను. రోడ్డు తెరిచారట కదా, ఈసారి దాని మీద వెళతారా అని. వాళ్లు మాట్లాడుకుని చెప్పారో లేదో తెలియదు కానీ ఇద్దరి సమాధానమూ ఒక్కటే. రోడ్డు తెరిచారు సార్, కానీ ఎవరికోసం అన్నారు.

ఆ ప్రశ్న అర్థం కావాలంటే ముందు ఆ దారి సంగతి తెలుసుకోవాలి. ఎన్‌హెచ్-2 అస్సాంలో మొదలై నాగాలాండ్ రాజధాని కొహీమా మీదుగా మావో దగ్గర మణిపూర్‌లో ప్రవేశిస్తుంది. నాగాలు ఎక్కువగా ఉండే సేనాపతి, కుకీలు ఎక్కువగా ఉండే కాంగ్‌పోక్పి దాటి ఇంఫాల్ లోయలోకి దిగుతుంది. అక్కడి నుంచి మెయితీల బిష్ణుపూర్ మీదుగా మళ్లీ కుకీ-జో ప్రాంతమైన చురాచాంద్‌పూర్‌కు ఎక్కి, మిజోరంలోకి పోతుంది. ఇంఫాల్‌కు బయటి ప్రపంచంతో ఉన్న రెండు ప్రధాన రహదారుల్లో ఇదొకటి. జిరిబామ్ మీదుగా సిల్చార్‌కు పోయే ఎన్‌హెచ్-37 రెండోది. లోయవాసుల ఉత్తర ద్వారం కుకీ పల్లెల నడుమ ఉంది. కాంగ్‌పోక్పి కుకీకి, చురాచాంద్‌పూర్ కుకీకి మధ్య మెయితీల లోయ ఉంది. అంటే ఎవరు కదలాలన్నా ఎదుటివారి గుమ్మం ముందు నుంచే కదలాలి. చురాచాంద్‌పూర్ పట్టణాన్ని కుకీ-జో ప్రజలు లమ్కా అని పిలుస్తారు. దారులు కలిసే చోటు అని ఆ మాటకు అర్థం. చురాచాంద్‌పూర్ అనేది మెయితీ మహారాజు చురాచాంద్ సింగ్ పేరు మీద వచ్చింది. ఒకే ఊరికి కొండవాళ్లు దారి పేరు పెట్టుకుంటే, రాజ్యం రాజు పేరు పెట్టింది.

ఈ దారి మూతపడడం కొత్త కాదు. 1944 ఏప్రిల్‌లో జపాన్ సైన్యం కొహీమా దగ్గర దీన్ని తెంపింది. జూన్ 22న 109వ మైలురాయి దగ్గర కొహీమా వైపు నుంచి వచ్చిన దళాలు, ఇంఫాల్ వైపు నుంచి వచ్చిన దళాలు కలుసుకున్నాక మళ్లీ తెరుచుకుంది. స్వతంత్ర భారతంలో ఈ మూసివేతలకు దిగ్బంధమని పేరు వచ్చింది. 2010లో నాగా నాయకుడు ముయివా తన స్వగ్రామానికి రాకుండా రాష్ట్ర ప్రభుత్వం అడ్డుకున్నప్పుడు, 2011లో సదర్ హిల్స్ జిల్లా కోసం కుకీలు ఉద్యమించినప్పుడు, దానికి పోటీగా నాగాలు కదిలినప్పుడు, 2016 నవంబరు నుంచి 2017 మార్చి వరకు కొత్త జిల్లాల ఏర్పాటుకు నిరసనగా నాగా మండలి పిలుపునిచ్చినప్పుడు లారీలు నెలల తరబడి ఆగిపోయాయి. ఇంఫాల్‌లో పెట్రోలు, గ్యాస్, మందులు దొరకక జనం అల్లాడారు. సామాన్యుడి వంటింటి మీద ఒత్తిడి తెస్తే తప్ప రాజధాని వినదన్న పాఠాన్ని కొండ ప్రాంతాలు ఈ దిగ్బంధాల నుంచే నేర్చుకున్నాయి.

అయితే ఆ పాత దిగ్బంధాలకూ 2023 తరువాతి మూసివేతకూ మౌలికమైన తేడా ఉంది. అప్పుడు ఆగింది సరుకు, ఇప్పుడు ఆగింది మనిషి. ఇప్పుడు బలగాల కాపలాలో లారీలు వరుసగా కదులుతాయి. మెయితీ ముస్లింలైన పంగల్ డ్రైవర్లు, నాగా డ్రైవర్లు, బయటి రాష్ట్రాల డ్రైవర్లు స్టీరింగు పట్టుకుంటే బియ్యం బస్తా బఫర్ జోన్ దాటుతుంది. ఆ బియ్యం తినే మనిషి మాత్రం దాటలేడు. దారిలో ఆపినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న బండిలో ఏముందని కాదు. నువ్వెవరని అడుగుతారు. పేరు చూస్తారు, ఇంటిపేరు చూస్తారు, మాట యాస వింటారు. ఆ ప్రశ్న మన పల్లెల్లో పుట్టిపెరిగిన వారికి కొత్తది కాదు. ఎవరి పిల్లాడివిరా అని అడిగి, ఏ వీధిలో నడవవచ్చో నిర్ణయించిన సమాజం మనది.

తెరిచే ప్రయత్నం సెప్టెంబరుకు ముందే ఒకసారి జరిగింది. 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి బీరేన్ సింగ్ రాజీనామా చేసి రాష్ట్రపతి పాలన వచ్చాక, మార్చి 8 నుంచి అన్ని రోడ్ల మీదా స్వేచ్ఛగా రాకపోకలు జరగాలని కేంద్ర హోంమంత్రి ఆదేశించారు. ఆ రోజు ఇంఫాల్ నుంచి సేనాపతికి బలగాల కాపలాతో ఒక ప్రభుత్వ బస్సు బయలుదేరింది. కాంగ్‌పోక్పి జిల్లాలో జనం రోడ్డుకు అడ్డం పడ్డారు. రాళ్లు, బాష్పవాయువు, కాల్పులు. ఒక యువకుడు చనిపోయాడు, అనేకమంది గాయపడ్డారు. ఆ రోజు అంతర్జాతీయ మహిళా దినోత్సవం. రోడ్డు మీద ముందు వరసలో ఉన్నవారిలో చాలామంది మహిళలే. ఆదేశంతో తెరవబోయిన దారి ఒక్క పూట కూడా తెరుచుకోలేదు. సెప్టెంబరులో ఆదేశానికి బదులు ఒప్పందం వచ్చింది. అది మెరుగైన పద్ధతే. అయినా కొద్ది రోజుల్లోనే కాంగ్‌పోక్పి గ్రామ రక్షక బృందాల నుంచి అభ్యంతరాలు వచ్చాయి. మెయితీలు బఫర్ జోన్ దాటి తిరగవచ్చని తమ మాటకు అర్థం కాదంటూ మండలి వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది.

ఢిల్లీ నుంచి చూస్తే ఇది మొండితనంగా కనిపిస్తుంది. ఆ దారి పక్కన బతికే వారి లెక్కలు వేరు. కాంగ్‌పోక్పి కుకీకి ఇళ్లు కాలిపోయాయి, మనుషులు పోయారు, ఇంఫాల్‌లోని చర్చి, ఉద్యోగం, పిల్లల చదువు పోయాయి. రాష్ట్ర ప్రభుత్వం మీద నమ్మకం పోయింది. ప్రత్యేక పాలన కావాలన్న కోరిక తప్ప అతనికి మిగిలింది లేదు. ఆ కోరికను ఢిల్లీ చెవిన వేయడానికి చేతిలో ఉన్న సాధనం ఒక్కటే, తన ఇంటి ముందు నుంచి పోయే రోడ్డు. దాన్ని ఇప్పుడే వదిలేస్తే రేపు చర్చల బల్ల దగ్గర తన మాట ఎవరు వింటారు? ఆ దారినే తుపాకీ పట్టుకుని ఎవరైనా వస్తే ఎవరు ఆపుతారు? అతని భయాన్ని ఊహాజనితమని కొట్టివేయలేం. హింస మొదలైన రోజుల్లో పోలీసు ఆయుధాగారాల నుంచి వేల తుపాకులు లూటీ అయ్యాయి. అన్నీ తిరిగి రాలేదు.

ఇంఫాల్ మెయితీ లెక్క మరోలా ఉంటుంది. రాష్ట్రం నుంచి బయటికి వెళ్లాలంటే విమానమే గతి. టికెట్టు కొనలేని కూలీ లోయలోనే బందీ. నా దేశంలో, నా రాష్ట్రంలో, జాతీయ రహదారి మీద నేను నడవలేకపోతే నా పౌరసత్వానికి అర్థమేమిటని అతను అడుగుతున్నాడు. న్యాయమైన ప్రశ్నే. చురాచాంద్‌పూర్ నుంచి, మోరే నుంచి తరిమివేతకు గురైన మెయితీలు సహాయ శిబిరాల్లో ఉన్నారు. వారికి రోడ్డంటే ఇల్లు. అదే సమయంలో చురాచాంద్‌పూర్‌లో గుండె జబ్బు మనిషి, కాన్పు కష్టమైన తల్లి గంటన్నర దూరంలోని ఇంఫాల్ పెద్దాసుపత్రులను వదులుకుని ఐజాల్ దారి పట్టాలి. ఆ ప్రయాణంలో ఎవరు మిగులుతారో, ఎవరు మిగలరో చెప్పలేని స్థితి. 250 మందికి పైగా మరణించి, 60 వేలమంది దాకా ఇల్లు వదిలిన ఘర్షణలో, తూటా తగలకుండా దారి లేక పోయిన ప్రాణాలు ఏ లెక్కలోకీ రావు.

నాగాలది ఇంకో లెక్క. వారు ఇద్దరి ప్రాంతాల్లోనూ తిరగగలరు, అయితే ఇద్దరి అనుమానాన్నీ మోయాలి. పంగల్ డ్రైవర్ పరిస్థితీ అంతే. ఇద్దరికీ అక్కరకు వచ్చేవాడు, ఇద్దరిలో ఎవరి మనిషీ కానివాడు. లారీ ఎవరు నడిపినా దశాబ్దాలుగా ఈ రహదారి మీద సాయుధ ముఠాలు వసూలు చేసే పన్నులు మాత్రం కట్టక తప్పలేదు. దారి మూసినప్పుడు నష్టపోయినవాళ్లు ఉన్నట్టే, మూతపడిన దారి మీద బతుకుతున్నవాళ్లు కూడా ఉన్నారన్న సంగతి మరచిపోకూడదు.

ఇంతకీ ఈ గొడవ ఎక్కడ మొదలైంది? రోడ్డు దగ్గర కాదు, జాబితా దగ్గర. తమను షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేర్చాలని మెయితీల్లో ఒక వర్గం 2012 నుంచి సంఘటితంగా అడుగుతోంది. 2023 మార్చి 27న మణిపూర్ హైకోర్టు ఈ విషయంలో కేంద్రానికి సిఫారసు పంపే అంశాన్ని పరిశీలించాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. అప్పటికే రిజర్వు అటవీ భూముల పేరిట జరుగుతున్న ఖాళీ చేయింపులతో కొండ ప్రాంతాలు ఉడికిపోతున్నాయి. మే 3న గిరిజన విద్యార్థి సంఘం కొండ జిల్లాల్లో సంఘీభావ ప్రదర్శన జరిపింది. ఆ రోజే మంటలు రేగాయి. షెడ్యూల్డ్ తెగల జాబితా రాజ్యాంగం 342వ అధికరణ కింద రాష్ట్రపతి నోటిఫికేషన్‌తో మొదలై, పార్లమెంటు చట్టంతో మాత్రమే మారుతుందని, కోర్టులు దాన్ని సవరించలేవని మిలింద్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం 2000 సంవత్సరంలోనే తేల్చింది. 2024 ఫిబ్రవరి 21న మణిపూర్ హైకోర్టే తన తీర్పులోని ఆ పేరాను తొలగించింది. పేరా పోయింది. దాని చుట్టూ రేగిన మంటల్లో పోయినవారు తిరిగి రాలేదు.

రెండు వైపులా భయానికి ఆధారం ఉంది. రాష్ట్ర విస్తీర్ణంలో లోయ పదో వంతు మాత్రమే. జనాభాలో సగానికి పైగా ఉన్న మెయితీలు దాదాపుగా అందులోనే ఇరుక్కుని ఉన్నారు. 1960 నాటి భూసంస్కరణల చట్టం వల్ల కొండల్లో భూమి కొనలేరు. మా పిల్లలకు చోటేదని వారు అడుగుతున్నారు. మరోవైపు 60 శాసనసభ స్థానాల్లో 40 లోయవే. ప్రభుత్వం లోయది, సచివాలయం లోయది, ఆసుపత్రులు, విశ్వవిద్యాలయాలు లోయవి. మన ఏజెన్సీకి ఉన్న అయిదో షెడ్యూలు రక్షణ మణిపూర్ కొండలకు లేదు, మిజోరం, మేఘాలయలకు ఉన్న ఆరో షెడ్యూలు కూడా లేదు. 371-సి అధికరణ కింద ఏర్పడిన కొండ ప్రాంతాల కమిటీ, అరకొర అధికారాల జిల్లా మండలులు మాత్రమే ఉన్నాయి. ఎస్టీ హోదా భూమి చుట్టూ ఉన్న ఒకే ఒక్క కంచె. లోయవారికి కూడా ఆ హోదా వస్తే కంచె ఉండి లేనట్టే అన్నది కొండవారి భయం. 1/70 చట్టం కోసం, సమత తీర్పు కోసం పోరాడిన నేల మీద నిలబడి ఈ భయాన్ని అర్థం చేసుకోలేకపోతే తప్పు మనదే.

ఇక్కడ కుల ప్రశ్న ఎక్కడుంది, ఇది తెగల ప్రశ్న కదా అని పాఠకులు అడగవచ్చు. సెక్మాయి నుంచి వచ్చిన నా విద్యార్థి దరఖాస్తు చూసినప్పుడు నాకూ ఒక ఆశ్చర్యం కలిగింది. అతను మెయితీ, కానీ షెడ్యూల్డ్ కులం. మెయితీల్లో షెడ్యూల్డ్ కులాలు ఉంటాయని అప్పటిదాకా నేను పట్టించుకోలేదు. పద్దెనిమిదో శతాబ్దంలో పమ్‌హైబా అనే రాజు కాలంలో వైష్ణవం మణిపూర్ రాజమతమైంది. దానితో పాటు మడి, మైల లోయకు వచ్చాయి. వాటిని అక్కడ సెంగ్బా, మంగ్బా అంటారు. రాజమతానికి లొంగక పాత దేవతలనూ పాత ఆహారాన్నీ వదలని ఊళ్లు లోయీలనే పేరుతో అంటరానితనంలోకి నెట్టబడ్డాయి. సెక్మాయి, ఆండ్రో, ఫయెంగ్, ఖుర్‌ఖుల్ అలాంటి ఊళ్లు. సారా కాచే వృత్తి వారిది. కొండవాళ్లంతా హావోలయ్యారు, ముట్టుకోకూడనివారయ్యారు. ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో రాజు అండతో బ్రహ్మసభ మంగ్బా పేరిట వెలివేతలు వేసి, శుద్ధికి రుసుములు గుంజింది.

ఇప్పుడు మూతపడిన దారి లోయ అంచున ఎక్కడ మొదలవుతుందో చూడండి. మెయితీల లోయ నుంచి కాంగ్‌పోక్పి కొండలకు పోయేటప్పుడు రోడ్డు మీద వచ్చే ముఖ్యమైన చివరి మెయితీ ఊరు సెక్మాయి. 60 శాసనసభ స్థానాల్లో ఎస్సీలకు కేటాయించినది ఒక్కటే, అదీ సెక్మాయే. మెయితీ సమాజం శతాబ్దాలపాటు వెలివేసిన ఊరే ఇవాళ ఆ సమాజపు సరిహద్దు కావలిగా నిలబడింది. వైష్ణవానికి ముందు మేమూ గిరిజనులమేనన్నది ఎస్టీ హోదా కోరే వారి వాదనల్లో ముఖ్యమైనది. అదే పాత ఆచారాన్ని విడవనందుకు ఎవరిని అంటరానివారిని చేశారో వారి మాట ఆ చర్చలో ఎక్కడా వినబడలేదు. కుకీ యువకుడు తన వైపు చూసేటప్పుడు లోయీని మెయితీగా చూస్తాడు. మెయితీ పెద్దకులం తన వైపు చూసేటప్పుడు అతన్ని లోయీగా చూస్తుంది. నా విద్యార్థి ఈ మాట ఫిర్యాదుగా చెప్పలేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు.

మణిపూర్‌లో ఈ గోడలను చూసి కూలగొట్టడానికి ప్రయత్నించినవారు లేకపోలేదు. రాజు అన్న కూతురిని పెళ్లాడి, రాజభోగాలు వదిలి ప్రజల్లోకి వచ్చిన హిజం ఇరాబత్ అందులో ముఖ్యుడు. ఆయన నాయకత్వంలోని నిఖిల హిందూ మణిపురి మహాసభ 1938 డిసెంబరులో చింగాలో జరిగిన సమావేశంలో తన పేరులోంచి హిందూ అన్న మాటను తీసివేసింది. కొండవాళ్లు కూడా ఇందులో సభ్యులు కావాలంటే ఆ మాట అడ్డమని వారు గ్రహించారు. దారి తెరవడమంటే అదీ. తన పేరులోంచి ఒక మాట తీసివేసి ఎదుటివాడికి చోటివ్వడం.

రోడ్డు మన దేశంలో ఎన్నడూ తటస్థమైనది కాదు. 1924 మార్చి 30న మొదలైన వైకోమ్ సత్యాగ్రహం గుడి లోపలికి పోవడానికి కాదు, గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడవడానికి. ఇరవై నెలల పోరాటం తరువాత 1925 నవంబరులో మూడు వైపుల రోడ్లు తెరిచి, తూర్పు దారిని సవర్ణులకే ఉంచారు. అది తెరవడానికి 1936 ఆలయ ప్రవేశ ప్రకటన దాకా ఆగవలసి వచ్చింది. రోడ్డు తెరిచామన్న ప్రకటన విన్నప్పుడల్లా, తెరవని నాలుగో దారి ఏదని అడగడం వైకోమ్ మనకు నేర్పిన అలవాటు. అందుకే మన రాజ్యాంగం పదిహేనో అధికరణలో బావులు, చెరువులు, స్నానఘట్టాలతో పాటు రోడ్లను కూడా పేరుపెట్టి రాసింది. రోడ్డు మీద నడిచే హక్కును ఎవరో ఎవరికో నిరాకరించారు కాబట్టే ఆ మాట రాజ్యాంగంలోకి వచ్చింది.

అదే రాజ్యాంగం పంతొమ్మిదో అధికరణలో దేశమంతటా స్వేచ్ఛగా తిరిగే హక్కునిచ్చి, వెంటనే అయిదో క్లాజులో ఒక మినహాయింపు పెట్టింది. షెడ్యూల్డ్ తెగల ప్రయోజనాల రక్షణ కోసం ఆ హక్కు మీద సమంజసమైన ఆంక్షలు విధించవచ్చు. అంబేడ్కర్, ఆయన సహచరులు రెండు సత్యాలను పక్కపక్కనే పెట్టారు. దళితుడికి దారి తెరవాలి, ఆదివాసీ నేలను దారి మింగకూడదు. మణిపూర్‌లో ఈ రెండు సత్యాలూ ఎదురెదురుగా నిలబడ్డాయి. స్వేచ్ఛా సంచారమన్న మాటతో లోయ కొండను ఆక్రమించుకోకూడదు. ఆదివాసీ రక్షణ అన్న మాటతో కొండ సెక్మాయి కూలీని రోడ్డు మీద ఆపకూడదు. మినహాయింపు నేలకు రక్షణగా ఉండాలి, మనిషి పుట్టుకకు శిక్షగా మారకూడదు. పైగా ఆ ఆంక్షను పెట్టే అధికారం రాజ్యాంగం చట్టానికి ఇచ్చింది, రోడ్డు పక్కన తుపాకీ పట్టుకున్నవాడికి ఇవ్వలేదు.

కొండలోకి రోడ్డు రావడమంటే ఏమిటో తెలుగువారికి కొత్తగా చెప్పనవసరం లేదు. గూడెం కొండల్లో డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ కూలి సరిగా ఇవ్వకుండా కొండవారితో రోడ్డు పనులు చేయించాడు. 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో మన్యం తిరగబడడానికి ఉన్న కారణాల్లో అదొకటి. అంతకు అయిదేళ్ల ముందే, 1917లో, మొదటి ప్రపంచ యుద్ధానికి ఫ్రాన్సులో కూలీలుగా పంపే బలవంతపు భర్తీని ఎదిరించి మణిపూర్ కొండల్లో కుకీలు తిరగబడి 1919 దాకా పోరాడారు. ఒకరిది మన్యం, ఒకరిది ఈశాన్యం. ఇద్దరినీ తెల్లదొర చూసింది మోసే భుజాలుగానే. కొండవాడికి రోడ్డు మీద అనుమానం అక్కడ పుట్టింది. అది అజ్ఞానం కాదు, అనుభవం.

ఇంకో సంగతిని కూడా మనం దాచుకోకూడదు. 1976 సవరణ చట్టంతో తెలంగాణలో లంబాడాలు ఎస్టీ జాబితాలోకి వచ్చారు. వారిని తొలగించాలని ఆదివాసీ సంఘాలు చేస్తున్న ఉద్యమం 2017 చివరిలో ఉట్నూరు ప్రాంతంలో ఎంత ఉద్రిక్తతకు దారితీసిందో మనం చూశాం. ఇద్దరూ పేదవారే. ఒకరి పిల్లకు ఉద్యోగం వస్తే మరొకరి పిల్లకు పోయినట్టే అనిపించే చిన్న వాటాను వారి మధ్య పడేసి, పాలకులు పక్కన నిలబడ్డారు. ఆనాడు ఏజెన్సీలో రోడ్లు శాశ్వతంగా మూతపడలేదంటే దానికి కారణం మన గొప్పతనం కాదు. వేల తుపాకులు అప్పుడు జనం చేతుల్లో లేకపోవడం. జాబితా మీద తగవును గణాంకాలతో, అధ్యయనంతో, పార్లమెంటులో తేల్చకుండా ఎన్నికల వాగ్దానంగా వీధిలోకి వదిలితే ఏమవుతుందో మణిపూర్ చూపింది. మన విద్యార్థి సంఘాలు, అటువైపువీ ఇటువైపువీ, ఆ పాఠాన్ని ఇప్పుడే చదువుకోవాలి.

అయితే రోడ్డు తెరవవద్దా? తెరవాలి. దారి మూసి ఉన్నంతకాలం రెండు సమాజాల్లోనూ తుపాకీ ఉన్నవాడే పెద్దమనిషి. తెరవవలసిన క్రమం మాత్రం మారాలి. లారీ కంటే ముందు అంబులెన్సు కదలాలి. చురాచాంద్‌పూర్ రోగి ఇంఫాల్ ఆసుపత్రిలో, ఇంఫాల్ విద్యార్థి కొండ జిల్లాలోని కళాశాలలో సురక్షితంగా ఉండగలగడం మొదటి మెట్టు. ఆ తరువాత శిబిరాల్లో ఉన్నవారు ఇరువైపులా తమ ఇళ్ల స్థలాలకు తిరిగి వెళ్లాలి. ఖాళీ అయిన ఇంటి స్థలం మరొకరి పేరు మీదికి మారకుండా చట్టం కాపాడాలి. లూటీ అయిన ఆయుధాలు వెనక్కు రావాలి. ప్రధాన నేరాల్లో ఏ సమాజం వారైనా విచారణ ఎదుర్కోవాలి. కొండ మండలులకు నిధుల మీద, భూమి మీద నిజమైన అధికారం ఇచ్చే చర్చ దారి తెరిచే చర్చతో పాటే జరగాలి. లేకపోతే కాంగ్‌పోక్పి మనిషి తన ఏకైక బేరసాధనాన్ని వదులుకోడు, వదులుకొమ్మని అడిగే నైతిక హక్కు మనకూ ఉండదు. ఈ చర్చల బల్ల దగ్గర మెయితీ, కుకీ, నాగా నాయకులతో పాటు లోయీకీ, పంగల్ డ్రైవరుకూ కుర్చీ ఉండాలి. దారి మీద రోజూ బతికేది వాళ్లే.

నిరుటి సెలవుల తరువాత నా విద్యార్థులిద్దరూ తిరిగి వచ్చారు. అమ్మాయి మళ్లీ ఐజాల్ మీదుగానే వచ్చింది. ఒక సాయంత్రం విభాగం గదిలో అబ్బాయి సెక్మాయి నుంచి తెచ్చిన ఎండుచేపలను ఆమెకు ఇస్తున్నాడు. మీ ఊళ్లో దొరకవా అని అడిగాను. దొరుకుతాయి సార్, ఒకప్పుడు సెక్మాయి సంత నుంచే మా ఊరికి వచ్చేవి అంది. తమ ఊళ్ల మధ్య ప్రయాణించవలసిన చేప హైదరాబాదు చుట్టూ తిరిగి ఆమె చేతికి చేరింది. ఆ చేపను తెచ్చినవాడు వాళ్ల ఇంటి గడప దాకా రాగలిగే రోజున, ఏ ఊరి వాడివని దారిలో ఎవరూ అతన్ని ఆపని రోజున, హోంశాఖ ప్రకటన అవసరం లేకుండానే ఆ రహదారి తెరుచుకుందని మనం నమ్మవచ్చు. అప్పటిదాకా ఎవరికోసమన్న వారి ప్రశ్న మన ముందు అలాగే ఉంటుంది.